సర్వర్ ఆగినపుడు దోషం యంత్రానిదా, ప్రోగ్రామ్‌దా?

శంషాబాద్: “సర్వర్ డౌన్” అన్న మాట నేడు ప్రతి కార్యాలయంలోనూ వినబడుతున్నది. అయితే అది లక్షణమే గాని కారణం కాదు. కారణం తెలియక పరికరాలు మార్చిన యెడల వ్యయం పెరుగుటయే గాక, ప్రజలకు సేవలు అందుటలో జాప్యం కూడా తప్పదు.

2024 జులై 19న శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో విమాన సంస్థల కంప్యూటర్ సేవలకు అంతరాయం కలిగి, కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చినది. పలు విమానాలు రద్దయినవి. నాడు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి నిలిచిపోయినట్లు మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. అయినను దోషం యంత్రాలలో లేదు. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39 గంటలకు పంపిన ఫైలు కారణంగా, 20 విలువలు మాత్రమే ఉన్న చోట ప్రోగ్రామ్ 21వ విలువను చదవబోయి కుప్పకూలినది. ఆ ఫైలును 78 నిమిషాలలోనే ఉపసంహరించినప్పటికీ, నిలిచిపోయిన కంప్యూటర్లలో అనేకం ఒక్కొక్కటిగా సరిచేయవలసి వచ్చినది.

ఒకే మార్పు జరిగిన వెంటనే అనేక యంత్రాలు ఒకే విధంగా ఆగినచో సాధారణంగా ప్రోగ్రామ్‌ను అనుమానించవలెను. ఒక్క యంత్రంలోనే, వేర్వేరు ప్రోగ్రాములు, వేర్వేరు చోట్ల, కారణం లేకుండా ఆగుచున్నచో హార్డ్‌వేర్‌ను పరీక్షించవలెను. పనిభారం పెరిగినపుడే ఆగుచున్నచో అధిక వేడిమి, ఫ్యాన్లలో చేరిన దుమ్ము, విద్యుత్ సరఫరా యూనిట్ బలహీనత కారణాలు కావచ్చును.

సర్వర్లలో వాడు ఇసిసి మెమరీ ఒక బిట్ పొరపాటును తానే సరిదిద్ది, సాధారణంగా ఆ సంగతిని లాగ్‌లో నమోదు చేయును. అట్టి నమోదులు ఒకే మెమరీ కార్డుపై పెరుగుచుండుట రాబోవు వైఫల్యానికి ముందస్తు హెచ్చరిక. మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రంతా పలు పర్యాయములు నడుపుట మేలు. తప్పు బయటపడినచో ఆ కార్డును వేరొక స్లాట్‌లో ఉంచి చూడవలెను. తప్పు కార్డు వెంట వెళ్ళినచో కార్డుదే దోషం; పాత స్లాట్‌లోనే నిలిచినచో మదర్‌బోర్డును శంకించవలెను. డిస్కులకు స్మార్ట్ నివేదికను పరిశీలించవలెను. ఒక పర్యాయం ఒక్క భాగాన్ని మాత్రమే మార్చవలెను. రెండింటిని కలిపి మార్చినచో దోషం దేనిదో తేలదు.

అన్నింటికన్న ముఖ్యమైనది, సర్వర్‌ను తిరిగి ప్రారంభించుటకు ముందే తెరపై కనిపించిన సందేశం, సమయం, మెమరీ డంప్, లాగ్‌లను భద్రపరచుట. హడావిడిగా పునఃప్రారంభించినచో మెమరీలోని సాక్ష్యం చెరిగిపోవును. ఎన్ని యంత్రాలు ఆగినవి, అంతకు ముందు ఏమి మారినది, లాగ్‌లో ఏమున్నది అను మూడు ప్రశ్నలకు సమాధానం లభించిన పిదపనే అధికారులు కొనుగోలు ప్రతిపాదనలు పంపుట, పాత్రికేయులు కారణాన్ని ప్రకటించుట సముచితం.