మిగిలిపోయిన ఆ 1.8 శాతం

1995 జులైలో ఒక వ్యాన్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియేగో దాకా సుమారు 4,600 కిలోమీటర్లు వెళ్లింది. దారిలో 98.2 శాతం దూరం స్టీరింగ్ తిప్పింది కంప్యూటరే. బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం లోపలున్న పరిశోధకులు చూసుకున్నారు. ఆ ప్రయోగం చేసిన కార్నెగీ మెలన్ రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరు మన రాజ్‌రెడ్డి గారే. ఆయన పుట్టింది అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో.

98 శాతం అయిపోయిందంటే పని దాదాపు ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ అసలు కష్టమంతా మిగిలిన ఆ కాస్తలోనే ఉంది. కృత్రిమ మేధ ఉదాహరణలు చూసి నేర్చుకుంటుంది. రోజూ జరిగేవి లక్షల సార్లు చూస్తుంది కాబట్టి బాగా నేర్చుకుంటుంది. ఎప్పుడో ఒకసారి జరిగేవాటికి అన్ని ఉదాహరణలు ఎక్కడ దొరుకుతాయి? పైగా అలాంటివి ఎన్ని రకాలో లెక్కే లేదు.

2018 మార్చిలో అరిజోనాలోని టెంపీలో ఒక మహిళ రాత్రివేళ సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. పరీక్షల్లో ఉన్న ఉబర్ స్వయంచాలిత కారు ఢీకొని ఆమె చనిపోయింది. కారు ఆమెను చూడలేదా అంటే, చూసింది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే చూసింది. కానీ అదేమిటో తేల్చుకోలేక ఒకసారి వాహనమని, ఒకసారి వేరే ఏదో వస్తువని, మరోసారి సైకిలని అనుకుంటూ పోయింది. పేరు మార్చిన ప్రతిసారీ అంతకుముందు ఆ వస్తువు ఎటు కదిలిందో పక్కన పెట్టేసి, లెక్క మొదటి నుంచీ మొదలుపెట్టింది. క్రాసింగ్ లేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ ప్రోగ్రాములో లేదు. స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషీ రోడ్డు మీద దృష్టి పెట్టలేదు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే ఉదంతమిది. కంటికి ఆనడం, అర్థం కావడం ఒకటి కావు.

అలాగని తమంతట తామే నడిచే కార్లన్నీ వట్టి ప్రచారమని కొట్టిపారేయలేం. 2025 వసంతకాలానికి వేమో సంస్థ డ్రైవరు లేని టాక్సీలు ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాల్లో వారానికి రెండున్నర లక్షల ట్రిప్పులు నడిపాయి. ఇది నిజంగా గొప్ప విజయం. అయితే ముందే వివరంగా మ్యాపు గీసుకున్న ప్రాంతాల్లో, కెమెరాలకు తోడు లేజరుతో దూరం కొలిచే లైడార్, రాడార్ పెట్టుకుని, చిక్కొస్తే దూరం నుంచి సలహా ఇచ్చే సిబ్బంది అండతో దక్కిన విజయం. మరుసటి ఏడాదికల్లా పది లక్షల రోబోటాక్సీలు వస్తాయని 2019లో ఇలాన్ మస్క్ చెప్పిన మాట మాత్రం నిజం కాలేదు.

మన రోడ్లకొస్తే లెక్కే మారిపోతుంది. 2018లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10,000 చిత్రాలతో ఒక సమాచార నిధిని విడుదల చేశారు. అందులో ఆటోరిక్షాకు, జంతువులకు వేరుగా గుర్తింపులు ఇవ్వాల్సి వచ్చింది. తారు రోడ్డు అంచున, అవసరమైతే బండి దింపుకోగల మట్టి నేలకూ ఒక గుర్తింపు పెట్టారు. మనకది ఆలోచించే పనే లేని సంగతి. ఎదురుగా లారీ వస్తే బండి మట్టిలోకి దించుతాం, పక్కవాడి హారన్‌ని బట్టి వాడు ఆగుతాడో దూరతాడో పసిగడతాం. నేలను గుర్తుపట్టడం యంత్రానికి చిత్రాలతో నేర్పొచ్చు. పక్కవాడి మనసులో ఏముందో ఫొటోలో ఎక్కడని గీత గీసి చూపిస్తాం?