గుండె కండరపు జబ్బు – కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

మీ ఇంట్లో ఎవరికైనా ‘గుండె పెద్దదయింది’ లేదా ‘గుండె కండరం మందమైంది’ అని డాక్టరుగారు చెప్పారా? ఇది రక్తనాళం మూసుకుపోయి వచ్చే గుండెపోటు కాదు. కండరానికే వచ్చే ఈ జబ్బును కార్డియోమయోపతి అంటారు. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యంగా వస్తుంది.

ఎందుకు వస్తుంది?

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కండరంలోని సన్నపోగులు, లావుపోగులు ఒకదాని పక్కన ఒకటి జరిగినప్పుడు గుండె ముడుచుకుంటుంది. లావుపోగులను పట్టి ఉంచి, ఈ పని అదుపులో జరిగేలా చూసేది ‘మయోసిన్ బైండింగ్ ప్రోటీన్ – సి’. దాని తయారీ విధానం రాసి ఉన్న చీటీ వంటిది ‘ఎం.వై.బి.పి.సి.3’ అనే జన్యువు. ప్రతి మనిషికీ ఈ చీటీలు రెండు ఉంటాయి. ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వస్తాయి.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త డాక్టర్ కె. తంగరాజ్, ఇతర శాస్త్రవేత్తలు 2009లో ఒక ముఖ్య విషయం ప్రకటించారు. మన దేశంలో 100 మందిలో సుమారు నలుగురికి ఈ జన్యువులో 25 అక్షరాలు లోపించి ఉన్నాయి. అందువల్ల ప్రోటీను చివరి భాగం మారిపోయి, పోగులలో సరిగా అమరదు.

భయపడవద్దు

ఈ లోపం ఉన్నవారందరికీ జబ్బు రాదు. చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఇది ఒక్క కులానికి చెందినది కాదు, శాపమూ కాదు. కోడలినో అల్లుడినో నిందించకండి. లోపం ఒకరిలో ఉంటే, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా వచ్చే అవకాశం సగం. మేనరికంలో తల్లిదండ్రులిద్దరి నుండీ బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అప్పుడు జబ్బు తీవ్రంగా ఉండవచ్చు.

మీరు చేయవలసినవి

• రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలి. ఎకోకు సూది గుచ్చరు, నొప్పి ఉండదు.
• ఆయాసం, గుండెదడ, పాదాల వాపు, పరుగెత్తేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోవడం – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయవద్దు.
• ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారుంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి.
• బి.పి. అదుపులో ఉంచండి. ఉప్పు తగ్గించండి. పొగ, మద్యం మానండి.
• తేలికగా ఉందని మందులు ఆపవద్దు.

ఈ రోజు ఒకరి జబ్బు తెలియడం మిగిలినవారిని కాపాడే అవకాశం. ప్రభువు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం దయచేయును గాక.