చిన్న ఊరికి మకాం మార్చేముందు నాలుగేళ్ల లెక్క

ఒక కుటుంబం ఉందనుకుందాం. హైదరాబాద్‌లో కాపురం. తండ్రికి ఇంటి నుంచే ఉద్యోగం. కూతురికి 14 ఏళ్లు. అయిదో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నారు. అద్దెలు, ట్రాఫిక్, దుమ్ముతో విసిగిపోయి మదనపల్లెకు మకాం మారుద్దామా అని ఆలోచిస్తున్నారు. అక్కడ గాలి చల్లన, బెంగళూరు దగ్గర. బడిలో ఉన్న పిల్ల కాదు కాబట్టి టీసీ గొడవ లేదు. ఏడాది మధ్యలోనైనా సామాను కట్టేయొచ్చు అనిపిస్తుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. బడికి వెళ్లే పిల్ల ఎక్కడ చదివిందో బడి కాగితాలే చెబుతాయి. ఇంట్లో చదివే పిల్ల తరఫున ఆ పని తల్లిదండ్రులే చేయాలి. ఊరు మారితే ఆ కాగితాల లెక్క కూడా మారుతుంది.

ముందు చట్టం సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది కానీ, చేర్పించకపోతే ఫలానా శిక్ష అని చెప్పదు. ఇంటి చదువుకు ప్రత్యేక గుర్తింపూ ఇవ్వదు. కాబట్టి గుర్తింపు పరీక్షల ద్వారానే రావాలి. ఎక్కువమంది ఎంచుకునే దారి ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, బడికి వెళ్లకుండా పది, ఇంటర్ స్థాయి పరీక్షలు రాయించే కేంద్ర బోర్డు). పదికి కనీసం 14 ఏళ్లు, ఇంటర్ స్థాయికి 15 నిండాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లలో జరుగుతాయి. తెలంగాణకూ, మదనపల్లె ఉన్న ఆంధ్రప్రదేశ్‌కూ సొంత ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి.

ఎన్ఐఓఎస్‌లో చేరేటప్పుడు ఒక అధ్యయన కేంద్రాన్ని ఎంచుకోవాలి. సైన్సు ప్రాక్టికల్స్ చేయాల్సింది అక్కడే. చిన్న ఊళ్లో కేంద్రం ఉన్నా, మీ పిల్ల తీసుకున్న సబ్జెక్టులన్నీ అక్కడ ఉంటాయని లేదు. ఫిజిక్స్ ల్యాబు కోసం వంద కిలోమీటర్లు వెళ్లాల్సి వస్తే అది ముందే తెలియాలి.

ఇక అసలు విషయం, లోకల్ కోటా (స్థానిక ప్రాంత విద్యార్థులకు కేటాయించే సీట్లు). రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. రాష్ట్ర కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. ఎవరు స్థానికులు? అర్హత పరీక్ష, అంటే ఇంటర్ లేదా దానికి సమానమైన పరీక్ష, రాసే ముందు వరుసగా 4 ఏళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లు. ఏ విద్యాసంస్థలోనూ చదవని వాళ్లయితే, అదే 4 ఏళ్లు ఆ ప్రాంతంలో నివసించి ఉండాలి. ఇంటి చదువు పిల్లలకు వర్తించేది ఈ రెండో మాటే.

మిగతా 15 శాతం కొన్నేళ్ల క్రితం వరకు పెద్ద ఊరట. రాష్ట్ర విభజన చట్టం 2014 నుంచి పదేళ్లపాటు పాత ప్రవేశ పద్ధతినే కొనసాగించింది. దాంతో ఈ రాష్ట్రం పిల్ల ఆ రాష్ట్రంలోని 15 శాతం సీట్లకు పోటీపడగలిగేది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025లో తెలంగాణ ఆ 15 శాతాన్ని కూడా తమ రాష్ట్రంతో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. తల్లిదండ్రులు మొత్తం 10 ఏళ్లు తెలంగాణలో నివసించినట్టు చూపగలిగితే పిల్లలకు అందులో పోటీపడే వీలుంటుంది. వైద్య విద్యకైతే కట్టడి ఇంకా గట్టిది. తెలంగాణలో చివరి 4 ఏళ్లు చదివి ఉండాలన్న 2024 నాటి నిబంధనను సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది.

ఇప్పుడు మన 14 ఏళ్ల పిల్ల దగ్గరికి రండి. ఈ జూన్‌లో మదనపల్లె వెళ్లి, నాలుగేళ్లు నిండాక, 18 ఏళ్ల వయసులో ఇంటర్ స్థాయి పరీక్ష రాస్తే లెక్క సరిపోతుంది. అక్కడ ఆమె స్థానికురాలే. అదే 16 ఏళ్లకు మారితే హైదరాబాద్‌లో స్థానికత పోతుంది, మదనపల్లెలో ఇంకా రాదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. ఇందులో ఒక వింత కూడా ఉంది. ఇంటి చదువు పిల్లలు చాలాసార్లు ముందే పరీక్షలు ముగించేస్తారు. 14కే మారినా, 16కే ఇంటర్ పూర్తి చేస్తే కొత్త ఊళ్లో గడిపింది రెండేళ్లే. తొందర వల్ల దొరికిన సమయానికి స్థానికతతో మూల్యం చెల్లించినట్టవుతుంది.

రాష్ట్రం దాటకపోతే చిక్కు లేదా అంటే, తెలంగాణలో దాదాపు లేదు. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లినా ప్రాంతం మారదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆంధ్ర విశ్వవిద్యాలయం, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం అని రెండు స్థానిక ప్రాంతాలు ఉన్నాయి. రాయలసీమ, నెల్లూరు రెండో దానిలోకి వస్తాయి. విశాఖ నుంచి మదనపల్లెకు మారినా గీత దాటినట్టే. రాష్ట్రం లోపల మారినవాళ్లకు 7 ఏళ్ల లెక్క ఒకటి ఉంది. ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో గడిస్తే ఆ ప్రాంతమే వర్తిస్తుంది.

ఎన్ఐటీ సీట్లకు నియమం వేరు. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. ఎన్ఐఓఎస్ విద్యార్థికి సొంత రాష్ట్రం ఏదన్నది అధ్యయన కేంద్రం ఉన్న రాష్ట్రాన్ని బట్టి నిర్ణయమవుతుంది. అంటే వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్ల వాటా కావాలా, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో కావాలా అన్నది దరఖాస్తులో ఒక గడి నింపినప్పుడే తేలిపోతుంది. చాలామంది ఆ గడిని దూరం చూసుకుని నింపేస్తారు.

వీటన్నిటికీ రుజువు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం. సంస్థలో చదవని అభ్యర్థుల దగ్గర ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో 7 ఏళ్ల నివాస పత్రం అడుగుతారు. కొత్త ఊళ్లో దిగిన వారంలోనే అద్దె ఒప్పందం రాయించుకోవాలి. ఆధార్‌లో చిరునామా మార్పించాలి, పిల్లది కూడా. పెద్దవాళ్లవి మార్పించి పిల్లది వదిలేసే ఇళ్లే ఎక్కువ.

పిల్ల డిగ్రీకి బెంగళూరో చెన్నైయో వెళ్తుందని, లేదా బొమ్మలు గీయడమో సంగీతమో ఆమె దారి అని ముందే తేలి ఉంటే ఈ లెక్కకు అంత బరువు లేదు. అప్పుడు బరువంతా మనుషుల మీదకు వస్తుంది.

మన చిన్న ఊళ్లలో పదో తరగతి అయిన పిల్లలు చాలామంది ఊళ్లో ఉండరు. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, తిరుపతిలోని జూనియర్ కాలేజీల హాస్టళ్లకు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి వస్తారు. సరిగ్గా ఆ వయసులో మీ పిల్ల ఊళ్లోకి దిగుతోంది. నగరంలో ఇంటి చదువు కుటుంబాలు నెలకోసారైనా కలుస్తాయి. చిన్న ఊళ్లో అలాంటి కుటుంబం మీదొక్కటే కావచ్చు. ఇక పలకరింపులు. కిరాణా కొట్టు దగ్గర, గుడి దగ్గర, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఒకటే ప్రశ్న: "ఏ కాలేజీ అమ్మా?" ఇంట్లో చదువుకుంటున్నానంటే, చదువు ఆగిపోయిందనో, పెళ్లి చూస్తున్నారనో అనుకుంటారు. అందులో చెడ్డతనం లేదు, అలవాటు అంతే. కానీ రోజూ సమాధానం చెప్పాల్సింది పిల్లే.

చిన్న ఊరు ఇచ్చేవీ ఉన్నాయి. నగరంలో 14 ఏళ్ల పిల్ల ఒంటరిగా వెళ్లలేని చోట్లకు ఇక్కడ సైకిల్ మీద వెళ్లొచ్చు. మెకానిక్ షెడ్డు, నర్సరీ, పశువుల ఆసుపత్రి, టమాటా మార్కెట్ అన్నీ అందుబాటులో ఉంటాయి. అడిగితే పని నేర్పేవాళ్లూ దొరుకుతారు. గ్రంథాలయాన్ని మాత్రం ఊరి పేరు చూసి నమ్మకూడదు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అందరమూ కడతాం కానీ, దినపత్రికలకే పరిమితమైన శాఖా గ్రంథాలయాలు చాలా ఉన్నాయి. మరోవైపు చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం లాంటివీ ఉన్నాయి.

ఊరు చూడటానికి వేసవి సెలవుల్లో వెళ్లకండి. మేలో హాస్టళ్ల నుంచి పిల్లలందరూ ఇళ్లకు వచ్చి ఉంటారు, ఊరు కళకళలాడుతుంది. జూలైలో, వారం మధ్యలో వెళ్లండి. అద్దెకు గది తీసుకుని రెండు వారాలు ఉండండి. పగలంతా పిల్లను తన మానాన వదిలేయండి. సాయంత్రం ఎలా ఉందని అడగకుండా, ఎవరితో మాట్లాడావని అడగండి. పేర్లు చెప్పగలిగితే అధ్యయన కేంద్రానికి ఫోన్ చేసి సబ్జెక్టుల జాబితా కనుక్కోవచ్చు, ఇంటి యజమానికి అడ్వాన్సు ఇవ్వడం ఆ తర్వాత. పేర్లేమీ లేకపోతే మకాం సంగతి వచ్చే ఏడాదికి వాయిదా వేయాలి. అప్పుడు మాత్రం నాలుగేళ్లలో ఒక ఏడాది తగ్గి ఉంటుంది కాబట్టి, రాష్ట్రం దాటని ఊళ్లే మళ్లీ వెతకాలి.