నొప్పికి మందిస్తున్నారు.. నీటి సంగతి అడగరేం?

అనంతపురం: నడుము పట్టేస్తుంది. మెడ తిరగదు. కింద కూర్చుంటే లేవలేరు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు రోజులు ఉపశమనం. పట్నం వెళ్తే ఎక్స్‌రే, రక్తపరీక్షల తర్వాత ‘ఏమీ లేదు, వయసు ప్రభావం’ అన్న సమాధానం. కరవు పల్లెల్లో ఏళ్ల తరబడి కీళ్లనొప్పులతో ఆస్పత్రుల చుట్టూ తిరిగేవారి గోడు ఇది. ఇలాంటి నొప్పులకు బోరునీటిలోని ఫ్లోరైడు కారణం కావచ్చు. ఆ దిశగా ఆరా తీసే వైద్యులే అరుదు.

సాలుకు సుమారు 550 మి.మీ. వర్షం కురిసే ఉమ్మడి జిల్లాలో భూగర్భజలమే పలు పల్లెలకు ఆధారం. రాతిపొరల్లో చిరకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు అధికంగా కరుగుతుంది. తాగునీటిలో ఇది లీటరుకు 1 మి.గ్రా. మించరాదు. వేరే దారి లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. మన ప్రాంతానికి ఈ వ్యాధి కొత్తేమీ కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని వైద్యులు గుర్తించారు.

చిక్కంతా తొలిదశలోనే. అప్పటికి ఎక్స్‌రేలో మార్పులు కనిపించకపోవచ్చు. లక్షణాలు కీళ్లవాతాన్ని పోలి ఉంటాయి. వ్యాధి ముదిరాక ముంజేతి రెండు ఎముకల నడుమ పొర గట్టిపడి ఫిల్ములో కనిపిస్తుంది. పళ్లపై గారలు లేవని కొట్టిపారేయడమూ తగదు. గారలు పడేది పళ్లు ఏర్పడే బాల్యంలోనే. మంచినీళ్ల ఊళ్లో పెరిగి ఫ్లోరైడు ఊరికి కోడలిగా వచ్చిన మహిళకు పళ్లు తెల్లగానే ఉంటాయి, ఎముకలు మాత్రం దెబ్బతింటాయి. మూత్రంలో, తాగేనీటిలో ఫ్లోరైడు పరీక్షిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. 2008-09లో కేంద్రం చేపట్టిన ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమంలో ఈ పరీక్షలతో పాటు వైద్యసిబ్బందికి శిక్షణా ఉంది. ఆ శిక్షణ ఓపీలో రోగిని అడిగే ప్రశ్నగా మారాలి.

ముదిరిన వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. నీరు మార్చడం, పాలు, ఆకుకూరల వంటి కాల్షియం ఆహారం, విటమిన్ సి తీసుకోవడమే మార్గం. నొప్పి మాత్రలను ఏళ్ల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది. ఒంట్లోని ఫ్లోరైడును బయటకు పంపేవి అవే!

1995-96లో శ్రీసత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీరందించింది. అయితే కుళాయి రానిరోజు మళ్లీ బోరే దిక్కు. తాగేందుకు క్యాను నీరు కొంటున్నా, సంగటికి, పప్పుకు బోరునీళ్లే పోస్తున్న ఇళ్లున్నాయి. కాచినా ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరేకొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. వైద్యుని వద్దకు వెళ్లేవారు ఎన్నేళ్లుగా ఏ నీరు తాగుతున్నదీ, ఏ నీటితో వండుతున్నదీ అడగకున్నా చెప్పాలి. మూత్రపరీక్ష రాయమని కోరాలి.