డిశ్చార్జ్ సరే... రేపు పొద్దున పదింటికి ఏం చేయాలి?

మానసిక ఆసుపత్రి అనగానే మన సినిమాలు రెండే సీన్లు చూపిస్తాయి. ఇనుప ఊచల గది ఒకటి, షాక్ ట్రీట్‌మెంట్ ఇంకోటి. (మత్తు ఇవ్వకుండా షాక్ ఇవ్వడాన్ని, గొలుసులతో కట్టేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఆ సంగతి సినిమావాళ్లకి ఇంకా తెలిసినట్టు లేదు!) మూడో సీన్ మాత్రం ఎవరూ తీయరు. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన మనిషి మర్నాడు పొద్దున పదింటికి ఏం చేస్తారు? ఆ సీన్‌లో నేనున్నాను కాబట్టి చెప్తున్నా.

నాకు బైపోలార్ డిజార్డర్. 26వ ఏట బయటపడింది. 18 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మందులు పనిచేశాయి, ఇంటికొచ్చేశాను. అసలు కష్టం అప్పుడు మొదలైంది. అమ్మ స్కూలుకి, నాన్న షాపుకి, తమ్ముడు కాలేజీకి. తొమ్మిదిన్నరకి తలుపు వేస్తే సాయంత్రం దాకా నేనూ, ఫ్యానూ, ఫోనూ! మధ్యాహ్నం టాబ్లెట్ వేసుకున్నానో లేదో గుర్తుండేది కాదు. పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర పట్టేది కాదు. బైపోలార్‌లో నిద్ర చెదిరితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అంటే ఖాళీగా ఉండటం నాకు విశ్రాంతి కాదు, రిస్క్.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుగారు మందుల సంగతి తర్వాత అడిగారు. "పగలంతా ఏం చేస్తున్నావమ్మా?" అన్నారు ముందు. నా దగ్గర జవాబు లేదు. డే కేర్‌లో చేరమన్నారు.

అసలు ఏంటీ డే కేర్?

పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చేసే చికిత్స. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది డే హాస్పిటల్. జబ్బు ఇంకా పూర్తిగా అదుపులోకి రాని వాళ్లకి డాక్టరు, నర్సు, మందులు, కౌన్సెలింగ్ అన్నీ పగటిపూటే అందుతాయి. సాధారణంగా కొన్ని వారాలు ఉంటుంది. రెండోది రిహాబిలిటేషన్ డే కేర్. జబ్బు తగ్గుముఖం పట్టాక రోజువారీ జీవితాన్ని తిరిగి అలవాటు చేసేది. ఇది నెలల తరబడి సాగొచ్చు.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1933లో మాస్కోలో ఆసుపత్రి పడకలు చాలక డే హాస్పిటల్ పెట్టారు. 1946లో మాంట్రియల్, లండన్ నగరాల్లో మొదలయ్యాయి. మన దేశంలో 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే టెంట్లు వేయించి ఉంచారు. ఇంటివాళ్లు కూడా చికిత్సలో భాగమేనని చూపించారాయన. ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో పునరావాస విభాగమే ఉంది. అక్కడ బేకరీ లాంటి పనులు కూడా నేర్పిస్తారు.

నా రోజు ఇలా ఉండేది

పది గంటలకల్లా రిజిస్టర్‌లో సంతకం. తర్వాత కాసేపు వ్యాయామం, ఒకరు పేపర్ చదివితే మిగతావాళ్లు మాట్లాడటం. పదకొండింటికి గ్రూప్. "నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అనేది అక్కడ ఎప్పుడూ అడిగే ప్రశ్న. తర్వాత పని. కొందరు కవర్లు అంటించేవాళ్లు, కొందరు కుట్టుమిషన్ దగ్గర. నా వంతు వంటగది. బీన్స్ తరగడం కూడా ట్రీట్‌మెంటేనా అని మా తమ్ముడు నవ్వాడు. గంటసేపు ఒకే పని మీద ధ్యాస నిలపడం, పక్కవాళ్లతో కలిసి చేయడం, మొదలెట్టింది పూర్తిచేయడం... జబ్బు నా దగ్గర్నుంచి లాక్కున్నవి సరిగ్గా ఇవే.

భోజనం తర్వాత టాబ్లెట్లు. వారానికోసారి ఇంటివాళ్లతో మీటింగ్. "ఎప్పుడు ఉద్యోగంలో చేరుతుంది?" అని నాన్న అడిగితే, "ముందు ఒంటరిగా బస్సెక్కి రానివ్వండి" అన్నారు అక్కడి సోషల్ వర్కర్. మూడో వారం ఎక్కాను. ఐదు నెలల తర్వాత పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరాను. జబ్బు పోయిందని కాదు. మందులు వాడుతూనే ఉన్నాను. తేడా వస్తే ముందే కనిపెట్టడం మాత్రం మా ఇంట్లో అందరికీ వచ్చింది.

అందరికీ సరిపోతుందా?

సరిపోదు. ప్రాణహాని ఆలోచనలు బలంగా ఉన్నా, ఇతరులకు ప్రమాదం ఉన్నా, తిండీ నిద్రా పూర్తిగా మానేసినా ఆసుపత్రిలో చేరాల్సిందే. ఇల్లే సురక్షితంగా లేని వాళ్లకి సాయంత్రం ఇంటికి పంపడం సాయం కాదు. రోజూ రానూపోనూ ప్రయాణం కూడా చిన్న విషయం కాదు. మా సెంటర్‌కి ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒకాయన రెండో నెలలో ఆగిపోయారు. చార్జీలు భరించలేక. అలాంటివాళ్ల సంగతేంటి?

ఇది ఆయన ఒక్కరి సమస్య కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదు.

మీ హక్కులు తెలుసా?

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, పునరావాస సేవలు కూడా ప్రభుత్వం అందించాల్సిన వాటిలో భాగమేనని చెప్పింది. సమాజంలో బతకడం హక్కు అంది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలంది. అయితే చాలా పాలసీలు 24 గంటలు అడ్మిట్ అయితేనే డబ్బులిస్తాయి. డే కేర్‌కి వర్తిస్తుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడగండి. దివ్యాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే వేరే సదుపాయాలకు దారి దొరుకుతుంది.

ఇంట్లోనో, ఫ్రెండ్స్‌లోనో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జ్ కాగితం తీసుకునేటప్పుడే డాక్టర్‌ని మూడు ప్రశ్నలడగండి. పగటి వేళ ప్లాన్ ఏంటి? దగ్గర్లో డే కేర్ ఉందా? తిరగబెడితే ముందుగా కనిపించే లక్షణాలేంటి? ఎవర్ని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి. అవసరం వచ్చిన రోజున వెతికే ఓపిక ఉండదు.