మీకు తెలుసా? అడుగు బరువే దారి చూపుతుంది

పిస్టల్ తూటాలను మళ్లీ నింపే ప్రెస్‌కు ఆటోమేటిక్ కేస్ ఫీడర్ అమర్చితే, ఖాళీ ఇత్తడి కేసులను ఒక్కొక్కటిగా చేత్తో పెట్టే పని తప్పుతుంది. పైనున్న డబ్బాలో కుప్పగా పోస్తే చాలు, వాలుగా తిరిగే పళ్లెం గాడుల్లో ఒక్కోటి చిక్కుతుంది. 9 ఎంఎం కేసు పొడవు 19.15 మిల్లీమీటర్లే. బరువు ఎక్కువగా అడుగువైపే ఉంటుంది కాబట్టి, అడుగు కిందికి వచ్చేలా గొట్టంలోకి జారుతుంది. ఎంత చక్కటి ఉపాయం!

అయితే అన్ని పిస్టల్ తూటాలనూ ఇలా మళ్లీ నింపలేరు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. ఆ పోటీలో వాడే .22 తూటా అలాంటిదే. నిప్పు రాజేసే మందు దాని అంచులోనే ఉంటుంది మరి.

ఇక చట్టం మాటకొస్తే, మన దేశంలో ఎక్కడైనా లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం.