హైబ్రిడ్ క్లౌడ్ అంటే ఏమిటి?



క్లౌడ్ అంటే మేఘం. అయితే మన సమాచారం ఆకాశంలో ఏమీ ఉండదు. డేటా సెంటర్లు అనే పెద్ద భవనాల్లో, రాత్రింబవళ్లు నడిచే వేలాది కంప్యూటర్లలో ఉంటుంది. వాటిని ఇంటర్నెట్ ద్వారా, వాడుకున్నంత మేరకు అద్దె చెల్లించి వాడుకోవడమే క్లౌడ్ కంప్యూటింగ్. అమెజాన్ సంస్థ 2006లో ఇలాంటి సేవలు ప్రారంభించింది. 2022 నవంబరులో హైదరాబాద్ ప్రాంతంలో కూడా ఆ సంస్థ డేటా సెంటర్లు మొదలయ్యాయి.

ఎవరైనా అద్దెకు తీసుకోగలిగేది పబ్లిక్ క్లౌడ్. ఒకే సంస్థ కోసం నడిచేది ప్రైవేట్ క్లౌడ్. ఈ రెండింటినీ కలిపి వాడేది హైబ్రిడ్ క్లౌడ్.

మన హాస్టల్ ఉదాహరణ

రోజూ వంటకు సరిపడా గుండిగలు మన హాస్టల్లో ఉన్నాయి. వార్షికోత్సవం నాడు అవి చాలవు. ఒక్కరోజు కోసం కొత్తవి కొనరు, టెంట్ హౌస్ నుండి అద్దెకు తెస్తారు. కానీ స్టోర్ రూమ్ తాళం, స్టాకు రిజిస్టరు టెంట్ హౌస్ వారికి ఇవ్వరు గదా!

పరీక్ష ఫలితాల రోజున లక్షలమంది ఒకేసారి వెబ్‌సైట్ చూస్తారు. ఆ ఒక్కరోజు కోసం వందల సర్వర్లు కొంటే మిగతా ఏడాది ఖాళీగా ఉంటాయి. అందువల్ల విద్యార్థుల పూర్తి రికార్డును సొంత సర్వర్లలోనే ఉంచి, హాల్ టికెట్ నంబరు, మార్కులు మాత్రమే ఉన్న ప్రతిని పబ్లిక్ క్లౌడ్‌లో పెట్టవచ్చు. రద్దీ తగ్గగానే అద్దె ఆపేయవచ్చు.

రెండూ ఉంటే సరిపోదు

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఆ క్లౌడ్‌లు వేర్వేరుగా ఉంటూనే, సమాచారం, ప్రోగ్రాములు ఒకదాని నుండి మరొకదానికి మార్చగలిగేలా కలిసి ఉండాలి. ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. రెండు చోట్లా నిఘా పెట్టాలి. మధ్యలో లైను తెగితే పని ఆగవచ్చు. ముఖ్యంగా, కంప్యూటర్ల కాపలా అద్దెకిచ్చినవారిది. అందులోని సమాచారాన్ని ఎవరు చూడవచ్చో నిర్ణయించి తాళం వేసే బాధ్యత అద్దెకు తీసుకున్నవారిదే.

మనకెందుకు?

స్కాలర్‌షిప్ దరఖాస్తులో మన కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలన్నీ ఇస్తాం. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ కోసం పార్లమెంటు 2023లో చట్టం చేసింది. అయినా ఏ వివరం సొంత పెట్టెలో ఉండాలి, ఏది అద్దె గదికి వెళ్లవచ్చు అని రోజువారీ పనిలో నిర్ణయించేది ఇంజనీర్లే. ఆ వివరాలు పదిమందిలో బయటపడితే కలిగే బాధ మనకు తెలుసు. కాబట్టి నిర్ణయించేవారిలో మనవాళ్లూ ఉండాలి.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. తమ్ముళ్లూ, కోర్సుల పేర్లు చూసి భయపడకండి. నెట్‌వర్కింగ్, డేటాబేస్, ఉచితంగా దొరికే లినక్స్ - ఈ మూడింటితో మొదలుపెట్టండి. మిగిలినవి వాటి వెనుకే వస్తాయి.

- పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.